నా సూది నేనే గుచ్చుకుంటే సరిపోతుందా?

నెలాఖరున మా యూనిట్లో సిస్టర్ ఒక కాగితం పట్టుకుని ప్రతి బెడ్ దగ్గరికీ వస్తుంది. బరువు మీరే చూసుకున్నారా? బీపీ మీరే చూసుకున్నారా? మెషిన్‌కి ట్యూబులు మీరే ఎక్కించారా? సూది మీరే పెట్టుకున్నారా? మొత్తం 14 గళ్లు. సొంతంగా చేసే ప్రతి పనికీ ఒక టిక్కు. కిడ్నీలు చెయ్యలేని పనిని, అంటే రక్తం శుభ్రం చెయ్యడం, ఒంట్లో చేరిన నీరు తియ్యడం, మెషిన్‌తో చేయించే డయాలసిస్ మొదలై నాకిది ఏడో ఏడు. పోయిన నెల నాకు 11 టిక్కులు వచ్చాయి. "మన యూనిట్లో మీదే ఎక్కువ సార్" అంది సిస్టర్ సంతోషంగా.

నా పక్క బెడ్ టీచరుగారికి సున్నా వచ్చింది.

టీచరుగారికి చేతులు వణుకుతాయి. చూపు సరిగా ఆనదు. చక్రాల కుర్చీలో వస్తారు. ఆ 14 పనుల్లో ఆవిడ చేతులతో చెయ్యగలిగింది ఒక్కటీ లేదు. కానీ అదే నెలలో ఒకరోజు జరిగింది చెప్తాను. ఆవిడని కుర్చీతో సహా తూకం మీదికి ఎక్కించారు. టెక్నీషియన్ కుర్చీ బరువు తీసేసి లెక్క కట్టి, "నాలుగు కిలోలు పెరిగారమ్మా, ఇవాళ నీళ్లు ఎక్కువ తియ్యాలి" అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "ఈ కుర్చీ కొత్తది కదా బాబూ, నువ్వు తీసేసింది పాత కుర్చీ బరువేమో ఒకసారి చూడు" అన్నారు. చూశాడు. పాత కుర్చీ బరువే. కొత్తది దానికంటే రెండు కిలోల పైన ఎక్కువ ఉంది.

ఆవిడ అడగకపోయి ఉంటే ఒంట్లో లేని రెండు లీటర్ల నీటిని మెషిన్ లాగేసేది. మూడో గంటకి కాళ్లు పట్టేసేవి, బీపీ పడిపోయేది, సెలైన్ ఎక్కించి మంచం తల వైపు కిందికి దించి అందరూ చుట్టూ చేరేవాళ్లు. ఆ వయసులో, ఆ గుండెతో, ఆ తర్వాత ఏమయ్యేదో నేను ఊహించదలుచుకోలేదు. ఏమీ కాలేదు. ఆవిడ నాలుగు గంటలూ ప్రశాంతంగా పడుకుని ఇంటికి వెళ్లారు. నెలాఖరు కాగితంలో మాత్రం ఆవిడ పేరుకి ఎదురుగా సున్నా పడింది.

ఆ సున్నా చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. రోగిని తన వైద్యంలో భాగస్వామిని చెయ్యాలి అనే మాట ఈమధ్య చాలా చోట్ల వింటున్నాం. మంచి మాట. దానివల్లే నేను ఈరోజు ఉద్యోగం చేసుకుంటూ, భయం లేకుండా బతుకుతున్నాను. కానీ ఆ భాగస్వామ్యం సఫలమైందా లేదా అన్నది ఎలా కొలుస్తున్నాం? మనం కొలుస్తున్నది రోగిని. కొలవాల్సింది యూనిట్‌ని. నా వాదన అంతా ఇదే.

ఈ 14 పనుల జాబితా మా యూనిట్ కనిపెట్టింది కాదు. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్, హంబర్ ప్రాంతంలోని డయాలసిస్ యూనిట్లు 2010 ప్రాంతంలో 'షేర్డ్ కేర్' పేరుతో ఒక పద్ధతి మొదలుపెట్టాయి. సెంటర్లో చేయించుకునే డయాలసిస్‌ని చిన్న చిన్న పనులుగా విడగొట్టి, ఏది నేర్చుకోవాలో, ఎంతవరకు నేర్చుకోవాలో రోగినే ఎంచుకోమన్నారు. ఒకరు బరువు చూసుకుని రాసుకోవడం దగ్గరే ఆగిపోవచ్చు. ఇంకొకరు మెషిన్ సిద్ధం చేసుకోవడం నుంచి సూది తీసి దూది అదుముకునే దాకా అన్నీ చెయ్యొచ్చు. ఈ పద్ధతిని పరీక్షించడానికి తర్వాత 12 సెంటర్లలో ఒక పెద్ద అధ్యయనం చేశారు. అందులో ప్రధానమైన కొలత, కనీసం 5 పనులు సొంతంగా చేసుకునే రోగులు ఎంతమంది పెరిగారు అన్నది.

దీనికంటే ముందు, 2005లో స్వీడన్‌లోని యోన్‌షోపింగ్ ఊళ్లో, ర్యూహోవ్ ఆసుపత్రిలో ఒక యువకుడు "నా డయాలసిస్ నేనే చేసుకుంటాను, నేర్పండి" అని అడిగాడు. అక్కడి నర్సు సరే అంది. నేర్చుకున్నాక అతను పక్కవాళ్లకి నేర్పాడు. అలా పెరిగి పెరిగి, రోగులే వచ్చి తమ మెషిన్ తామే నడుపుకునే యూనిట్ ఒకటి అక్కడ తయారైంది. ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ ఆ యువకుణ్ణి మెచ్చుకుంటారు. నేను ఆ నర్సుని తలుచుకుంటాను. అతను అడగడం సగం పని. ఆమె ఒప్పుకోవడం మిగతా సగం. ఏ పట్టికలోనూ ఆమె గడి ఉండదు.

నిజానికి రోగి తన డయాలసిస్ తానే చేసుకోవడం కొత్త సంగతేమీ కాదు. 1960లో సియాటిల్‌లో డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతికి శాశ్వతంగా ఉండే షంట్ (రక్తం మెషిన్‌కి వెళ్లి వచ్చే గొట్టం) పెట్టాకే ఏళ్ల తరబడి డయాలసిస్ మీద బతకడం సాధ్యమైంది. అప్పట్లో సెంటర్లలో చోటు చాలేది కాదు. 1960ల మధ్యకల్లా సియాటిల్, బోస్టన్, లండన్‌లలో రోగులకీ ఇంట్లోవాళ్లకీ నేర్పించి మెషిన్ ఇంటికే పంపడం మొదలైంది. అమెరికాలో 1973 నుంచి ప్రభుత్వమే ఖర్చు భరించడంతో సెంటర్లు పెరిగాయి, ఇంట్లో చేసుకునేవాళ్ల వంతు తగ్గుతూ వచ్చింది. చెయ్యి చాపి పడుకుని కప్పు వైపు చూస్తూ ఉండే రోగి అనేవాడు ఆ తర్వాత తయారయ్యాడు. కాబట్టి మాకు చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చేతనైనవాళ్లతోనే ఈ వైద్యం మొదలైంది.

ఇక కొలతల సంగతి. వారానికి 168 గంటలు. చాలామందికి డయాలసిస్ వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. అంటే 12 గంటలు. మిగిలిన 156 గంటలు మనిషి మెషిన్‌కి దూరంగానే ఉంటాడు. దాహం వేసినప్పుడు ఎన్ని గుక్కలు తాగాలి, ఫిస్టులా మీద, అంటే సూదులు పెట్టడానికి ఆపరేషన్ చేసి చేతిలో తయారు చేసిన రక్తనాళం మీద, చెయ్యి పెడితే ఆ జుమ్మనే అదురు ఉందా లేదా, ఇవాళ ఆయాసం మామూలుగా ఉందా, కాళ్లలో నీరు దిగిందా? ఇవన్నీ ఆ 156 గంటల్లో ఎవరూ పక్కన లేనప్పుడు తేల్చుకోవాల్సినవి. 2011లో అమెరికాలో 32,000 మంది రోగుల వివరాలు పరిశీలించినప్పుడు, వారానికి మూడుసార్ల పద్ధతిలో ఒకచోట వచ్చే రెండు రోజుల పెద్ద విరామం తర్వాత రోజే మరణాలూ, గుండె జబ్బులతో ఆసుపత్రిలో చేరడాలూ ఎక్కువగా ఉన్నాయని తేలింది. ప్రమాదం అంతా అక్కడ పొంచి ఉంటే, మన 14 గళ్లూ ఈ 12 గంటల చుట్టూనే తిరుగుతున్నాయి.

ఒక లెక్క చెప్తాను. నాకు ఈ లెక్క ఎవరూ నేర్పలేదు, అడిగి అడిగి తెలుసుకున్నాను. డయాలసిస్‌లో నీళ్లు తీసే వేగం గంటకి, ఒంటి బరువులో కిలోకి 13 మిల్లీలీటర్లు దాటితే మరణాల ముప్పు పెరుగుతుందని ఒక పెద్ద అధ్యయనంలో కనపడింది. వేగంగా లాగితే గుండెకి రక్తం సరిగా అందదు. ఇప్పుడు నా బరువు 60 కిలోలు అనుకోండి. మధ్యలో మూడున్నర కిలోలు పెరిగి వచ్చాను. నాలుగు గంటల్లో 3,500 మిల్లీలీటర్లు తియ్యాలంటే గంటకి, కిలోకి 14.6 పడుతుంది. గీత దాటేశాం. అదే నాలుగున్నర గంటలు చేస్తే 13 లోపే ఉంటుంది.

తేడా అంతా అరగంటే. అందుకని ఎక్కువ నీళ్లతో వచ్చిన రోజు నేను బెడ్ ఎక్కేముందే అడుగుతాను: "సిస్టర్, ఇవాళ నాలుగున్నర గంటలు కుదురుతుందా?" ఈ ప్రశ్న అడగగలగడం, నా దృష్టిలో, ఆ 11 టిక్కులకంటే పెద్ద విషయం. నా ఒంట్లో ఏం జరుగుతుందో నాకు అర్థమైంది అనడానికి అదే గుర్తు. కానీ ఆ ప్రశ్నకి జవాబు నా చేతుల్లో లేదు. వెనక షిఫ్ట్ వాళ్లు బయట కూర్చుని ఉంటారు. మెషిన్ శుభ్రం చెయ్యాలి, బెడ్ మార్చాలి. చాలాసార్లు "ఇవాళ కుదరదు సార్, రేపు ఒకసారి అదనంగా రాగలరా?" అంటారు. ఒక్కోసారి "నీళ్లు తక్కువ తాగాల్సింది కదా" అని ఊరుకుంటారు. నాకు ఎంత తెలిసినా, యూనిట్ ఆ అరగంట ఇవ్వలేకపోతే నా తెలివి ఎవరికి పనికొచ్చినట్టు? కాబట్టి కొలవాల్సింది నాకు ప్రశ్న వచ్చా రాదా అని కాదు. అడిగినప్పుడు ఏం జరిగిందని.

ఇంకో సంఘటన. ఇది నాలుగేళ్ల కిందటిది. అప్పుడు నేను ఇంకో చోట డయాలసిస్ చేయించుకునేవాణ్ణి. పెద్ద జ్వరం వచ్చి తగ్గాక ఆకలి బాగా పెరిగింది, కాస్త ఒళ్లు వచ్చింది. కానీ ఫైల్లో డ్రై వెయిట్ పాతదే ఉండిపోయింది. తెలియనివాళ్ల కోసం చెప్తాను: ఒంట్లో అదనపు నీరు లేకుండా ఉండాల్సిన బరువు డ్రై వెయిట్. దాన్ని బట్టే ఎంత నీరు తియ్యాలో నిర్ణయిస్తారు. నాకు వచ్చిన ఒళ్లు కూడా నీరే అనుకుని మెషిన్ లాగడం మొదలుపెట్టింది. ప్రతిసారీ మూడో గంటలో పిక్కలు రాయిలా బిగుసుకుపోయేవి. నొప్పికి మంచం కమ్మీ పట్టుకుని అరిచేవాణ్ణి. "డ్రై వెయిట్ పెంచాలేమో చూడండి, నాకు వాపు లేదు, ఆయాసం లేదు" అని చెప్పాను. మళ్లీ చెప్పాను. ఒకరోజు నా ఫైల్ తిరగేస్తే అందులో ఇలా ఉంది: "నీళ్లు ఎక్కువ తాగుతున్నారు. చెప్పినా వినడం లేదు."

ఆ వాక్యం చదివినప్పుడు వచ్చిన బాధ పిక్కల నొప్పి కంటే ఎక్కువ. ఆరో సెషన్‌కి ఒక డాక్టర్ వచ్చి కాళ్లు నొక్కి చూసి, ఊపిరితిత్తులు విని, మెడ నరాలు చూసి డ్రై వెయిట్ 800 గ్రాములు పెంచారు. ఆ రోజు నుంచి కాళ్లు పట్టెయ్యడం ఆగిపోయింది. నేను మొదట చెప్పిన రోజుకీ ఆ 800 గ్రాములకీ మధ్య ఆరు సెషన్లు గడిచాయి. రెండు వారాలు. అప్పటికే నేను బీపీ, బరువు, ఉష్ణోగ్రత అన్నీ సొంతంగానే చూసుకుని రాసుకునేవాణ్ణి. ఏ కాగితం ప్రకారం చూసినా నేను భాగస్వామినే.

అందుకే నన్ను ఒకే ఒక్క కొలత ఎంచుకోమంటే ఇది ఎంచుకుంటాను: రోగి నోట్లోంచి మాట వచ్చిన దగ్గర్నుంచి దానికి జవాబు దొరికేదాకా ఎన్ని సెషన్లు పట్టింది? మార్పు అనడం లేదు, జవాబు అంటున్నాను. రోగి అడిగినవన్నీ చెయ్యాలని లేదు, చెయ్యకూడదు కూడా. ఒకసారి నాకు ఇంటి దగ్గర పని ఉండి అరగంట ముందే దింపెయ్యమన్నాను. ఇప్పటి సిస్టర్ "ఆగండి" అని అంతకు ముందు రెండుసార్ల పొటాషియం రిపోర్టులు తెచ్చి చూపించింది, రేపెల్లుండి రెండు రోజుల విరామం ఉందని గుర్తు చేసింది. నేను మాట్లాడకుండా పూర్తిగా ఉన్నాను. అది కూడా భాగస్వామ్యమే. నన్ను కసరలేదు, అంకెలు నా ముందు పెట్టింది. ఆ రోజు జవాబు 'వద్దు'. అది ఐదు నిమిషాల్లో వచ్చింది.

కొలతల విషయంలో డయాలసిస్‌కి ఒక పాత అనుభవం ఉంది. దాన్ని మర్చిపోతే మళ్లీ అదే దారిలో పోతాం. 1985లో ఫ్రాంక్ గాచ్, జాన్ సార్జెంట్ అనే ఇద్దరు, రక్తం ఎంత శుభ్రపడిందో చెప్పే 'కేటీ బై వీ' అనే అంకెని వాడుకలోకి తెచ్చారు. మంచి పనే చేశారు. అంతకు ముందు ఎవరికి డయాలసిస్ చాలుతోందో, ఎవరికి చాలడం లేదో చెప్పడానికి గట్టి ఆధారం లేదు. ఒక్కో సెషన్‌కి 1.2 తగ్గకూడదు, 1.4 గురిపెట్టుకోవాలి అని ఒక ప్రమాణం ఏర్పడింది. అంకె దొరికింది కాబట్టి ప్రపంచమంతా ఆ అంకె వెంట పడింది. ఇంకా పెంచితే ఇంకా మంచిది కాదా అని అమెరికాలో 1,846 మందితో పెద్ద ట్రయల్ చేశారు. 2002లో ఫలితం వచ్చింది: వారానికి మూడుసార్ల పద్ధతిలోనే ఆ అంకెని మామూలు కంటే పెంచినా మొత్తం మీద మరణాలు తగ్గలేదు. ఒక హద్దు దాటాక ఆ అంకె మనిషి గురించి చెప్పడం మానేసింది.

నా రిపోర్టుల్లో కేటీ బై వీ ఎప్పుడూ బాగానే ఉండేది. డయాలసిస్ అయి ఇంటికి వెళ్లాక మర్నాడు ఉదయం దాకా లేవలేని రోజుల్లో కూడా బాగానే ఉంది. "నంబర్ బావుంది కదా" అనేవాళ్లు. ఎన్ని గంటలకి తేరుకున్నావని అడిగినవాళ్లు లేరు. ఆ తర్వాత చాలా దేశాల రోగులనీ, ఇంట్లోవాళ్లనీ, డాక్టర్లనీ, నర్సులనీ వెయ్యి మందికి పైగా కలిపి, డయాలసిస్ పరిశోధనల్లో ఏవి తప్పకుండా కొలవాలి అని అడిగారు. 'సాంగ్' అని ఆ ప్రయత్నం పేరు. డాక్టర్లు మరణాలకీ, ఆసుపత్రిలో చేరడాలకీ ఎక్కువ బరువు ఇచ్చారు. రోగులు డయాలసిస్ తర్వాతి నీరసానికీ, ప్రయాణం చెయ్యగలగడానికీ, మెషిన్ లేని సమయానికీ ఎక్కువ బరువు ఇచ్చారు. చివరికి అందరూ కలిసి తప్పనిసరి అని తేల్చిన నాలుగింటిలో అలసట ఒకటి. మిగతావి గుండె జబ్బులు, ఫిస్టులా లాంటి రక్తనాళపు దారి, మరణం. అలసట ఆ వరసలో చేరింది అని చదివిన రోజు, ఎవరో నా మంచం అంచున కూర్చుని నా మాట విన్నట్టు అనిపించింది.

"డయాలసిస్ తర్వాత తేరుకోవడానికి మీకు ఎంతసేపు పడుతుంది?" ఈ ఒక్క ప్రశ్నే అడిగి సమాధానం నిమిషాల్లో రాసుకునే పద్ధతి ఉంది. పైసా ఖర్చు లేదు. ఎక్కువసేపు పట్టేవాళ్లలో ఆసుపత్రి పాలవ్వడం, మరణాలు ఎక్కువగా ఉన్నాయని పెద్ద అంతర్జాతీయ అధ్యయనంలో కూడా తేలింది. భాగస్వామ్యం సఫలమైందో లేదో చూడాలనుకున్నవాళ్లు ముందు ఈ ప్రశ్న పట్టుకోవాలి. నేను నా లెక్క చూసుకుని, నీళ్లు నెమ్మదిగా తియ్యమని అడిగి, వాళ్లు ఒప్పుకుంటే, దాని ఫలితం కనపడేది ఇక్కడే. ఒకప్పుడు నాకు తేరుకోవడానికి పది గంటలు పట్టేది. ఇప్పుడు రెండు గంటలు. 14 గళ్లలో ఈ సంగతికి చోటు లేదు.

రోగికి తన ఆరోగ్యం మీద ఎంత పట్టు ఉందో కొలిచే ప్రశ్నపత్రం ఒకటి ఉంది. 2004లో జుడిత్ హిబ్బర్డ్ బృందం తయారు చేసింది. చిన్న రూపంలో 13 ప్రశ్నలు. సున్నా నుంచి 100 దాకా మార్కు, నాలుగు మెట్లు. దాని మీద నాకు పెద్ద కోపం లేదు. ఎవరికి ఎక్కడి నుంచి నేర్పడం మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి పనికొస్తుంది. కానీ దాన్ని పరీక్షలా పెట్టి, మార్కులు పెరిగితే కార్యక్రమం నెగ్గింది, తగ్గితే రోగికి శ్రద్ధ లేదు అనుకోవడం నాకు నచ్చదు. నాకు ఒకసారి బీపీ పడిపోయి కళ్లు తిరిగిన రోజే ఇలాంటి కాగితం చేతిలో పెట్టారు. ఆ పూట నాకు దేని మీదా పట్టు లేదు. అలాగే రాశాను. తర్వాతి వారం అడిగి ఉంటే వేరేలా రాసేవాణ్ణి.

ఇంకో పొరపాటు చాలా మామూలుగా జరుగుతుంది. సొంతంగా చేసుకునేవాళ్లు తక్కువసార్లు ఆసుపత్రిలో చేరుతున్నారు, ఎక్కువ కాలం బతుకుతున్నారు అని చెప్పి, చూశారా ఎంత మేలు జరిగిందో అంటారు. కానీ సొంతంగా చేసుకోవడానికి ముందుకొచ్చేవాళ్లు ఎవరు? నాలాంటివాళ్లు. వయసు తక్కువ, చూపు బాగుంది, చేతులు స్థిరంగా ఉన్నాయి, చదువుకున్నాం, గుండె ఇంకా గట్టిగా ఉంది. మేం ఎలాగూ మెరుగ్గానే ఉండేవాళ్లం. మమ్మల్ని టీచరుగారితో పోల్చి మార్కులు వెయ్యడం న్యాయం కాదు. ఇంగ్లండ్ అధ్యయనంలో దీనికి ఒక దారి వెతికారు. సెంటర్లన్నిటినీ ఒకేసారి మొదలుపెట్టనివ్వకుండా, విడతలుగా, చీటీలు తీసినట్టు వరస నిర్ణయించి మొదలుపెట్టించారు. అప్పుడు ఒక సెంటర్‌ని దాని పాత రోజులతోనూ, ఇంకా మొదలుపెట్టని సెంటర్లతోనూ పోల్చొచ్చు. మామూలు యూనిట్లకి అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. అందరు రోగులనీ లెక్కలోకి తీసుకుంటే చాలు. ముందుకొచ్చినవాళ్లనే కాదు, వద్దన్నవాళ్లనీ, మొదలుపెట్టి మానేసినవాళ్లనీ.

ఎందుకు మానేశారో కూడా రాయాలి. నా ఎదురు బెడ్ కుర్రాడికి 9 టిక్కులు. పోయిన నెల మెచ్చుకున్నారు కూడా. ఒకరోజు సూది పెట్టుకుంటూ అతని చెయ్యి ఆగిపోయింది. 15 గేజ్ సూది అంటే చిన్నది కాదు. సూది మొన చర్మానికి ఆనించి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. "ఏమైంది తమ్ముడూ?" అన్నాను. "భయంగా ఉందన్నా. సిస్టర్లు తక్కువ ఉన్నారు కదా, నేను చేసుకోకపోతే నా వంతు వెనక్కి పోతుంది" అన్నాడు. నేను సిస్టర్‌ని పిలిచాను, ఆమె వచ్చి పెట్టింది. ఆమె తప్పేం లేదు. ఆమెకి తెలియదు. ఎవరూ అతన్ని అడగలేదు. తొమ్మిది టిక్కుల్లో ఎన్ని ఇష్టంతో పడ్డాయో, ఎన్ని గత్యంతరం లేక పడ్డాయో ఆ కాగితం చెప్పదు. స్టాఫ్ కొరతని రోగి చేతులతో పూడ్చుకుని దానికి భాగస్వామ్యం అని పేరు పెడితే నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. 'వద్దు' అనడానికి కూడా ఒక గడి ఉండాలి. ఆ గడిలో టిక్కు పెట్టినవాడి వంతు వెనక్కి పోకూడదు.

హాని సంగతి కూడా లెక్కలో ఉండాలి. నేను మొదట్లో సూదిని ప్రతిసారీ ఒకే చోట పెట్టుకునేవాణ్ణి. బటన్‌హోల్ అంటారు, కుట్టిన చెవికి దుద్దు పెట్టుకున్నట్టు అదే దారిలోంచి మొద్దు సూది వెళ్తుంది. నొప్పి తక్కువ, సొంతంగా పెట్టుకునేవాళ్లకి తేలిక. కానీ ఆ రంధ్రం మీద కట్టే పొక్కుని పూర్తిగా, శుభ్రంగా తియ్యకపోతే క్రిములు నేరుగా రక్తంలోకి పోతాయి. మామూలు పద్ధతి కంటే ఇందులో ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువని చాలా అధ్యయనాలు చెప్పాయి. ఒకరోజు తొందరలో నేను సరిగా శుభ్రం చెయ్యలేదు. రెండు రోజులకి చెయ్యి ఎర్రబడి వేడెక్కింది. యాంటీబయాటిక్స్‌తో తగ్గింది, అదృష్టం. ఆ నెల కాగితంలో సూది గడిలో మాత్రం ఎప్పటిలాగే టిక్కు పడింది. నేను మూడో నెలలో నేర్చుకున్న పని ఏడో ఏట కూడా సరిగా చేస్తున్నానా అని మళ్లీ చూసినవాళ్లు లేరు. రక్తం తిరిగి ఒంట్లోకి వెళ్లే సూది జారిపోతే నిమిషానికి 300 మిల్లీలీటర్ల చొప్పున రక్తం బయటికి పోతుంది, మెషిన్ అలారం ప్రతిసారీ పట్టుకుంటుందన్న నమ్మకం లేదు. పని నేర్పడంతో యూనిట్ బాధ్యత తీరిపోదు. ఎప్పటికప్పుడు పక్కన నిలబడి చూడాలి.

ఇవన్నీ నేను మా హెడ్ సిస్టర్‌తో ఒకరోజు మెషిన్ మీద ఉండగానే చెప్పాను. ఎంతోసేపు విన్నారు. "మీరు చెప్పేది నిజమే. కానీ పై నుంచి అడిగేది టిక్కులే. మాట నుంచి జవాబు దాకా ఎన్ని సెషన్లు అని ఎవరూ అడగరు" అన్నారు. అడగకపోయినా మనం రాసుకుందాం అన్నాను. ఆవిడ ఆ వారమే ఒక పుస్తకం తెచ్చారు. బయట నర్సుల బల్ల మీద కాదు, మేం పడుకునే హాల్లో, తూకం పక్కన గోడకి దారంతో కట్టారు. నాలుగు నిలువు గీతలు: తేదీ, ఎవరు, ఏం అడిగారు, ఏం జరిగింది. చూపు ఆననివాళ్లకి, రాయలేనివాళ్లకి పక్కవాళ్లు రాసిపెట్టొచ్చు. నాలుగో గడి స్టాఫ్ నింపాలి, తేదీ వేసి.

పుస్తకం వచ్చి రెండు నెలలు కావస్తోంది. మొదటి వారం ఎవరూ రాయలేదు. పేరు రాస్తే ఏమనుకుంటారో అని భయం. కుర్రాడు మొదట రాశాడు: "సూది సిస్టర్ పెట్టాలి, ట్యూబులు నేనే ఎక్కించుకుంటాను." అదే రోజు నాలుగో గడి నిండింది: "సరే." తర్వాత ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. మెషిన్ ఉష్ణోగ్రత కొంచెం తగ్గించమని ఒకరు అడిగారు. మెషిన్‌లో రక్తాన్ని శుభ్రం చేసే ద్రావణం చల్లగా ఉంటే బీపీ పడిపోవడం తగ్గుతుందని ఆయనకి ఎవరో చెప్పారట. డాక్టర్‌ని అడిగి రెండో సెషన్‌కి అర డిగ్రీ తగ్గించారు. ఒకాయన మందు మార్చమన్నారు. వద్దని, ఎందుకు వద్దో కూడా రాసి సంతకం పెట్టారు. నేను అడిగిన అరగంటలు ఐదు. రెండుసార్లు ఇచ్చారు, మూడుసార్లు ఇవ్వలేదు. ఇవ్వనప్పుడు కారణం రాశారు. ఆ మూడూ నా వెనక సాయంత్రం షిఫ్టు ఉన్న రోజులే అని పుస్తకం చూశాకే అందరికీ తెలిసింది. ఇప్పుడు నన్ను ఆ రోజుల్లో చివరి షిఫ్టుకి మార్చగలరా అని ఆలోచిస్తున్నారు.

టీచరుగారి పేరు మీద ఆరు వరసలున్నాయి. అన్నీ నా చేతిరాతే, ఆవిడ చెప్తుంటే నేను రాసినవి. మొదటిది, ఏ కుర్చీ బరువు ఎంతో కుర్చీ వెనకే పెద్ద అంకెల్లో రాయమని. రాశారు. ఇప్పుడు మా యూనిట్లో నాలుగు కుర్చీలకీ అంకెలున్నాయి. చివరిది పోయిన మంగళవారం రాయించారు. మధ్యాహ్నం నుంచి ఉదయం షిఫ్టుకి మార్చమని. ఎందుకని రాయమంటారు అని అడిగాను. "సాయంత్రం మనవరాలికి చదువు చెప్పుకోవాలి బాబూ. మధ్యాహ్నం ఎక్కితే ఆ పూటకి తేరుకోలేకపోతున్నాను" అన్నారు. అలాగే రాశాను. ఇవాళ ఉదయం వెళ్లేసరికి రెండు సెషన్లు అయ్యాయి. నాలుగో గడి ఇంకా ఖాళీగానే ఉంది. హెడ్ సిస్టర్ బల్ల దగ్గర షిఫ్టుల పట్టిక ముందేసుకుని, పెన్సిల్‌తో రెండు పేర్లు చెరిపి మళ్లీ రాస్తూ కనపడ్డారు.